దాలమ్మ నోరు, కెప్టెనమ్మ సీటు

కలకత్తా వాట్‌గంజ్ రేవు కూలీల లైన్లలో దాలమ్మంటే అందరికీ తెలుసు, నోటివల్ల. కుళాయి దగ్గర ఆమె బిందె పక్కకి జరిపినవాళ్ళు ఆ రోజంతా చెవులు తడుముకునేవారు. తండ్రి టెక్కలి వైపు నుంచి ఓడల్లో బస్తాలు మొయ్యడానికొచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. ఆమె ఇక్కడే పుట్టింది. బడి రెండో తరగతితో సరి. బెంగాలీ మాత్రం బెంగాలీవాళ్ళు పక్కకి తప్పుకునేంత గట్టిగా మాట్లాడేది. మొగుడు కూర్మయ్యది డాకులో క్రేన్ కింద పని. ఇంట్లో ఆయన పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఖాళీ దొరికితే కదా.

పంతొమ్మిది వందల తొంభైలో ఆమెకి దమ్‌దమ్ ఎయిర్‌పోర్టులో పని దొరికింది. ఓ విమానాల కంపెనీకి మనుషుల్ని పంపే కంట్రాక్టరు కింద, విమానాల లోపల ఊడ్చి తుడిచే పని. తోడుకి కాసులమ్మ, వరసకి ఆడపడుచు, అదే లైన్లో పక్క గది. ఇద్దరూ ఖిదిర్‌పూర్‌లో బస్సెక్కితే ఊరు ఈ చివర నుంచి ఆ చివరిదాకా నించునే పోవాలి. విమానంలో సీట్ల సందుల్లో దోపేసిన కాగితాలు, కోడి ఎముకలు, పిల్లల వాంతులు.

"సదూకున్నోలు, సూట్లేసుకున్నోలు. ఈలకి ఇంటికాడ అమ్మ నేదేటి," అనేది దాలమ్మ.

ఏడేళ్ళు అలా తుడిచింది గాని ఒక్కసారి ఎగరలేదు. ఎవరైనా అడిగితే, "నాను తుడవకపోతే అది మాత్రం ఎగురుతాదేటి" అని ఎదురడిగేది.

ఆ కంపెనీలో కెప్టెన్ అయిన ఆడమనిషి ఒక్కర్తే, సుతపా నియోగి. ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగేళ్ళుంటాయి. విమానం ముందు గదిలో రెండు సీట్లు. ఎడమ సీటు కెప్టెన్‌ది, అక్కడ కూర్చున్నవాళ్ళ మాటే చెల్లుతుంది. కుడి సీటు రెండో పైలట్‌ది. ఆవిడ తొమ్మిదేళ్ళు కుడి సీట్లో కూర్చుని, నాలుగు నెలల కిందటే ఎడమ సీటుకి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఎయిర్‌పోర్టులో మగాళ్ళకి ఇంకో పని లేదు. సామాన్లెక్కించేవాళ్ళు "జడ డ్రైవరు" అని పేరు పెట్టారు. మైకులో ఆవిడ పేరు చెప్పగానే లోపల కూర్చున్న పెద్దమనుషులు ఒకరి మొహాలొకరు చూసుకునేవారట. ఒకాయన బెల్టు బిగించుకుంటూ, "అద్దంలో వెనకాల చూస్తుందో, తన బొట్టు చూసుకుంటుందో" అన్నాడట. విమానానికి అలాంటి అద్దముండదని ఆ తెలివైనవాడికి ఎవరూ చెప్పలేదు. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు.

దాలమ్మ మాత్రం తక్కువ తిన్నదా? ఆవిణ్ణి మొదటిసారి మెట్ల దగ్గర చూసిన రోజు, "ఒలే కాసులూ, ఈ గుంటేటి, ఆ రెక్కలేటి. మీయన్నకి సైకిలే సక్కగా తొక్కడం రాదు" అంది. ఇద్దరూ బకెట్లు కింద పెట్టి మరీ నవ్వుకున్నారు.

తొంభై ఏడు, వైశాఖం. మధ్యాహ్నం మూడు దాటింది. గౌహతి వెళ్ళే విమానంలో జనం ఎక్కి కూర్చున్నారు. వాయవ్యం మూల ఆకాశం నల్లబడింది. కలకత్తాలో ఒక్క ఎండాకాలం గడిపినవాళ్ళకి ఆ నలుపేమిటో తెలుసు. కాల్‌బైశాఖి. గంటలో చెట్లు పడగొట్టి వెళ్ళిపోయే గాలివాన. కెప్టెన్ సుతపా అది దాటిపోయేదాకా విమానం కదలదని చెప్పేసింది. లోపల ఉక్క, అరుపులు. అరగంట చూసి, జనాన్ని దింపి హాల్లోకి పంపమంది.

మెట్ల కింద చీపుళ్ళతో నించున్న దాలమ్మ దిగేవాళ్ళ మాటలన్నీ విన్నది.

"మబ్బు చూస్తే భయం, బల్లిని చూస్తే భయం. ఇలాంటివాళ్ళ చేతికి విమానాలిచ్చారు."

"మగాడైతే ఈపాటికి గౌహతిలో టీ తాగుతుండేవాళ్ళం."

"ఇంటికెళ్ళి చేపల పులుసు పెట్టుకోమనండి." ఇది ఒక బట్టతలాయన. కంపెనీకి ఉత్తరం రాస్తానని అందరికీ వినపడేలా చెప్పి మరీ హాలుకి పోయే బస్సెక్కాడు.

ఆఖరి మనిషి దిగాక తుడిచేవాళ్ళని లోపలికి పంపారు. తొలి చినుకులు పడుతున్నాయి. దాలమ్మ విమానం వెనకవైపు బాత్రూం కడుగుతుంటే కెప్టెనమ్మ వచ్చి గుమ్మం దగ్గర నించుంది. మొహం పాలిపోయి ఉంది.

"మాసీ, నీ దగ్గర ఏమైనా ఉందా? ఇప్పుడే వచ్చింది," అంది బెంగాలీలో, గొంతు తగ్గించి.

ఆడదానికి ఆడది ఆ మాటంటే విడమరిచి చెప్పాలా? దాలమ్మకీ రేపోమాపో అవే రోజులు. ఉతికిన చీర ముక్క మడిచి బొడ్లో పెట్టుకుని తిరుగుతోంది. తీసి ఇచ్చింది. ఆవిడ బయటికి వచ్చాక ఉండబట్టలేక అడిగింది.

"అయితే దీదీ, ఇంక ఈ వేళ నువ్వు నడపవు కదా?"

వేళాకోళం కాదు. వాళ్ళ ఇళ్ళల్లో ఆ మూడు రోజులూ ఆడది పొయ్యి ముట్టదు, దేవుడి మూలకి పోదు, వరండాలో చాపేసుకుని పడుకుంటుంది. అన్నం కుండే ముట్టని మనిషి అంత విమానాన్ని ఎలా ముట్టుకుంటుందని ఆమెకి నిజంగానే సందేహం.

సుతపా ఆమె చేతిలో చీపురు వైపు చూసింది. "ఆ రోజుల్లో నువ్వు పనికి రావా మాసీ?"

"రాకపోతే ఎలా?"

"మరి నాకు మాత్రం ఎలా?" అని నవ్వి ముందుకెళ్ళిపోయింది.

గాలివాన వచ్చింది, పోయింది. రెండు గంటల తరవాత జనం మళ్ళీ ఎక్కారు. ఆవిడే ఎడమ సీట్లో కూర్చుని వాళ్ళందరినీ గౌహతిలో దింపింది, బట్టతలాయనతో సహా.

ఆ సాయంత్రం బస్సులో దాలమ్మ కాసులమ్మ చెవి దగ్గర చేరింది. "పాపం, ఆ కెప్టెనమ్మ బయట సేరినాది. నా గుడ్డే ఇచ్చినాను."

"ఓలమ్మ. ముట్టుతోటే నడిపీసినాదా?"

"మరి మనం తుడవడం నేదేటి?"

"మనది తుడుపే కదొదినా. అది గాల్లోకి ఎల్తాది. గాల్లో దేవుళ్ళుంతారు."

"ఆ దేవుళ్ళకి నేని బాద నీకేటే. ఎవలితోనూ అనకు."

ఎవరితోనూ అనకూడని మాట తను మాత్రం ఎందుకన్నట్టు? అది ఆమెకి అప్పుడు తోచలేదు. కాసులమ్మ చెడ్డది కాదు, కడుపులో మాట నిలవదు, అంతే. మర్నాడు టీ కొట్టు దగ్గర ఒకామెతో అంది. మూడో రోజుకి సూపర్‌వైజరు హాల్దార్ చెవిన పడింది. నాలుగో రోజుకి కథ తయారైపోయింది. గాలివానా కాదు, ఏమీ కాదు. కెప్టెన్‌కి ఆడవాళ్ళ బాధ వచ్చింది, కళ్ళు తిరిగి కూలబడింది, విమానం ఆపేసి నేరం వాన మీదకి నెట్టింది. అప్పటికే బట్టతలాయన ఉత్తరం కంపెనీకి చేరింది. ఆవిడ భయపడి ఆపిందని ఆయన రాశాడు. కంపెనీలో కొందరికి ఆ భయానికి కారణం కూడా దొరికింది. విచారణ పెట్టారు. నిజమని తేలితే ఆవిణ్ణి మళ్ళీ కుడి సీటుకి పంపేస్తారని, ఇంకే ఆడదాన్నీ ఎడమ సీటుకి రానివ్వరని మెట్ల దగ్గర బాహాటంగా చెప్పుకున్నారు.

హాల్దార్ దాలమ్మని పక్కకి పిలిచాడు. "మాసీ, శుక్రవారం ఆఫీసుకి రా. గుడ్డ ఇచ్చావా అని అడిగితే అవునను. అబద్ధమాడమనడం లేదు కదా."

"అవునంటే ఆవిడ సీటు పోతుంది కదా దాదా."

"అది పెద్దవాళ్ళ గొడవ. నీ సంగతి చూసుకో. పర్మనెంటు చేసే పేర్ల లిస్టు నేనే రాస్తున్నాను."

ఇంట్లో అన్నం దగ్గర మొత్తం కూర్మయ్యతో చెప్పింది. ఆయన ముద్ద మింగి, "నీ నోటెమ్మటే గదా ఎల్లినాది. నువ్వే ఎనక్కి తేవాల" అన్నాడు. ఏడాదికొక మాట మాట్లాడే మనిషి, సరిగ్గా తగలాల్సిన చోటే తగిలించాడు.

ఎలా తేవాలి? అవునంటే ఆవిడ సీటు పోతుంది. కాదంటే కాసులమ్మని పిలుస్తారు, అది ఏడ్చి అన్నీ చెప్పేస్తుంది, అబద్ధం కూడా కెప్టెనమ్మ నెత్తికే చుట్టుకుంటుంది. నాలుగు రోజులు బస్సులో ఇదే ఆలోచన. తొమ్మిదేళ్ళు ఓర్చుకుని తెచ్చుకున్న సీటు తన నోటి దురద వల్ల పోతే, ఇంక కుళాయి దగ్గర ఏ మొహం పెట్టుకుని దెబ్బలాడుతుంది?

శుక్రవారం ముగ్గురు ఆఫీసర్లు బల్ల వెనక కూర్చున్నారు. గోడవార హాల్దార్. పక్క కుర్చీలో సుతపా, చేతులు ఒళ్ళో పెట్టుకుని. దాలమ్మ వైపు చూడలేదు.

పెద్దాఫీసరు మొదలెట్టాడు. "ఆ రోజు కెప్టెన్‌కి ఒంట్లో... అంటే..." అని దగ్గాడు. పక్కాయన "అస్వస్థత" అని అందించాడు. మూడో ఆయన బల్ల మీద కాగితాలు సర్దుకుంటున్నాడు. పెళ్ళాలూ కూతుళ్ళూ ఉన్న మనుషులు, ఇంగ్లీషు చదువులు చదివినవాళ్ళు. ఆ ఒక్క మాట ముగ్గురిలో ఎవరికీ నోరు దాటి రాలేదు.

"నెలసరి బాబూ," అంది దాలమ్మ. "వచ్చింది. గుడ్డ ఇచ్చింది నేనే. ఆ సంగతి బస్సులో వాగిందీ నేనే. ఆవిడెవరికీ చెప్పలేదు."

హాల్దార్ మొహం విచ్చుకుంది. సుతపా కళ్ళు మూసుకుంది.

"ఇప్పుడు నాదొక మాట. మమ్మల్ని విమానంలోకి ఎప్పుడు పంపుతాడో ఈ హాల్దార్ బాబుని అడగండి."

పెద్దాఫీసరు అతని వైపు తిరిగాడు.

"పాసింజర్లందరూ దిగాక సార్," అన్నాడు హాల్దార్ ఛాతీ విరుచుకుని. "లోపల ఒక్కరున్నా మెట్టెక్కనివ్వను. నా డ్యూటీలో ఇంతవరకు తప్పలేదు." అన్నాక, ఏమన్నాడో అతనికి మెల్లిగా తెలిసింది.

"విన్నారు కదా. నేను లోపలున్నానంటే జనం దిగిపోయారు. జనం దిగారంటే విమానం అప్పటికే ఆపేశారు. వాన చూసి ఆపింది, నెలసరి వచ్చాక నడిపింది. తరవాత వచ్చింది ముందుదాన్ని ఎలా ఆపుతుంది బాబూ?"

కాగితాలు సర్దే ఆయన తలెత్తాడు. "ముందే వచ్చి ఉండొచ్చు. నీ దగ్గరికి తరవాత వచ్చి ఉండొచ్చు."

"ఇప్పుడే వచ్చిందని నాతో అంది. పోనీ, ముందే వచ్చిందనుకోండి. విమానం నిండా జనం, ముందర రెండో పైలట్, ఏ గుడ్డా లేకుండా అరగంట పైగా కూర్చోగలదా ఆడది? మీకు తెలియకపోతే ఇంటికెళ్ళి మీ ఆవిణ్ణి అడిగి రండి. నేనిక్కడే ఉంటాను."

ఆయన వెళ్ళలేదు. పెద్దాఫీసరు మళ్ళీ దగ్గాడు, ఈసారి నవ్వాపుకోడానికి. ఇంక చాలు, వెళ్ళమన్నాడు.

నడవాలో సుతపా వెనకే వచ్చింది. దాలమ్మ ఆగింది.

"ఇంతమంది మగాళ్ళ ముందు నా ఒంటి సంగతి పరిచావు మాసీ."

"పరిచాను దీదీ. బస్సులో పరిచినప్పుడే తప్పు చేశాను. ఇక్కడ పరవకపోతే నీ సీటు పోయేది. క్షమించమని అడగను."

"అడగకు," అని ఆవిడ వెళ్ళిపోయింది. దాలమ్మ తిన్నగా పనికెళ్ళింది.

పది రోజుల తరవాత విచారణ తేల్చిన కాగితం వచ్చింది. గాలివానలో విమానం ఆపడం సరైన పనేనని రాశారు. హాల్దార్ లిస్టు కూడా వచ్చింది. అందులో కాసులమ్మ పేరుంది, దాలమ్మ పేరు లేదు. దాలమ్మని విమానాల మీంచి తీసేసి, జనం కూర్చునే హాల్లో నేల తుడవమన్నారు. కాసులమ్మ ఏడిచింది.

"నా మూలాన్నే కదొదినా."

"నీకంత నేదు. నా మూలాన్నే. నువ్వేడిత్తే తడి మల్లీ నానే తుడవాల, ఊరుకో."

ఆ హాల్లో దాలమ్మ ఇంకో పదకొండేళ్ళు పని చేసింది. పైలట్లు ఆ హాలు పక్క నుంచే పెట్టెలు లాక్కుంటూ వెళ్ళేవారు. సుతపా ఆమెని పలకరించేది కాదు, దాలమ్మా పలకరించేది కాదు. చూపు మాత్రం మొదట ఆవిడ భుజం మీదకే పోయేది. భుజాన నాలుగు పట్టీలుంటే ఎడమ సీటు, మూడుంటే కుడి సీటు అని కాపలా అతను చెప్పాడు. పూజలప్పుడు చూసినా, మంచు కమ్మిన పొద్దున్న చూసినా నాలుగే.

ఒక వేసవి సాయంత్రం ఆకాశం మూసుకొచ్చింది. కుర్చీలో ఒకాయన, ఈ విమానం ఆడ పైలట్‌ది కాబట్టే ఆలస్యమని పక్కాయనతో గొణుగుతున్నాడు. దాలమ్మ తడిగుడ్డ కర్ర ఆయన బూట్ల దగ్గరికి తోసింది.

"కాళ్ళెత్తు దాదా," అంది. "ఎగరకూడనప్పుడు ఎగరని మనిషి దొరికింది నీకు. కూర్చో."

ఆయన కాళ్ళెత్తాడు.