బుచ్చి బెణికిన చెయ్యి

పాలకుర్తికి అవతల ఒక ఊళ్లో కోటలాంటి దొర గడి ఉండేది. ఆ గడికి విజయలక్ష్మి దొరసాని కాపురానికి వచ్చినప్పుడు ఆమె వెంట ఒక పట్టెమంచం, ఇత్తడి గంగాళాలు, రెండు పాడిబర్రెలు, బుచ్చి వచ్చాయి. వచ్చాయనే అనాలి. బుచ్చిని ఎవరూ మనిషి కింద లెక్కపెట్టలేదు. అప్పటికి ఆ పిల్లకు ఇంకా పాలపళ్లు ఊడుతున్నాయి. అలా పెళ్లికూతురి వెంట అత్తారింటికి పంపే పిల్లను ఆడబాప అంటారు. దొరసానికి తల దువ్వాలి, నీళ్లు పోయాలి, కాళ్లు పిసకాలి. జీతం లేదు, పెళ్లి లేదు, పుట్టింటికి పోవడం అసలే లేదు. బర్రెలు ముసలివై చచ్చిపోయాయి గనక వాటికి విముక్తి దొరికింది. బుచ్చి గట్టి పిండం, చావలేదు.

తెలంగాణ గొడవలతో బడులన్నీ మూతపడ్డ ఏడాది బుచ్చికి కూతురు పుట్టింది. ఆ రోజుల్లోనే దొర జనగామకు పోయి, వేదికెక్కి, ఒకరి కింద బతికేదీ ఒక బతుకేనా అని గొంతు చించుకుని వచ్చాడు. అలసిపోయి ఇల్లు చేరిన ఆ మహానుభావుడి కాళ్లకు నీళ్లిచ్చింది నెలలు నిండిన బుచ్చే. పుట్టిన పిల్లకు రామి అని పేరు పెట్టుకుంది. తండ్రి ఎవరని ఊళ్లో ఎవరూ అడగలేదు. పిల్ల ముక్కు చూశాక అడగాల్సిన పని లేకపోయింది.

పదేళ్లు గడిచాయి. దొర కూతురు శకుంతలకు మొగుళ్లపల్లి సంబంధం కుదిరింది. కొత్త మంచం చేయించారు, బీరువా తెప్పించారు. ఒకనాడు దొరసాని ఆకు నములుతూ, "పిల్ల ఎంబడి రామిని పంపుదాం తియ్యి," అంది.

"నీ బాంచెన్ దొర్సానీ," అంది బుచ్చి. నీ బానిసనని దానర్థం. బుచ్చి నోటికి ఆ మాట ఎక్కిళ్లలాంటిది, తనను అడక్కుండానే వచ్చేస్తుంది. ఆ తర్వాత పెరట్లోకి పోయి చెయ్యి గోడకేసి బాదుకుంది. తన బతుకు ఎటూ పోయింది, రామిది కూడా ఇలాగే పోతే తను ఇన్నేళ్లు బతికి ఏం లాభమని ఏడ్చింది. అలా ఏడుస్తూ వాచిన చెయ్యి చూసుకుంటుంటేనే ఉపాయం తట్టింది.

మర్నాడు చేతికి పసుపుగుడ్డ కట్టుకుని శకుంతల ముందు నిలబడింది. "చెయ్యి బెణికింది, నీ బాంచెన్. ఇయ్యాల్టికెల్లి నీ తల నువ్వే దువ్వుకోవాలె. పక్కన కూసోని నేను చెప్త."

"రామిని పిలువు."

"దాని తల నిండ పేలు, చిన్న దొర్సానీ. నీకెక్కుతయ్."

శకుంతల పద్దెనిమిదేళ్ల పిల్ల. నవలలు చదివేది, రేడియో వినేది, బావి చేంతాడు ఎటు పట్టుకోవాలో మాత్రం తెలియదు. మొదటి చిక్కులోనే దువ్వెన ఇరుక్కుపోయింది, పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నీళ్లు చేదబోయి బొక్కెన బావిలో పడేసింది. దాన్ని తీయడానికని ఇంకో బొక్కెన వేసి దాన్నీ పడేసింది. చీర కుచ్చిళ్లు తానే పోసుకుని, దర్జాగా ఒక్క అడుగు వేసి, బోర్లా పడింది.

"పెండ్లినాడు గిట్ల పడితివా, మొగుళ్లపల్లోళ్లు అక్షింతలకు బదులు టించరు పట్టుకొస్తరు," అంది బుచ్చి.

ఒకరోజు మాత్రం శకుంతల స్నానాల గది తలుపు లోపలినుంచి గడియ పెట్టుకుని, తన నీళ్లు తానే పోసుకుంది. బుద్ధెరిగాక ఇంకొకరి కళ్ల ముందు కాకుండా స్నానం చేయడం అదే మొదలు. దొరసాని పిలిచినా పలకలేదు. ఎంతోసేపటికి, వేళ్లు ముడతలు పడి, ముఖం వెలిగిపోతూ బయటికి వచ్చింది. ఆ తర్వాత బుచ్చి బతిమాలాల్సిన పని లేకపోయింది.

పెళ్లి దగ్గరపడింది. జడ అల్లుకుంటున్న శకుంతల ఉన్నట్టుండి ఆగింది. "బుచ్చీ, బెణికింది కుడిచెయ్యి గద?"

తల్లి వయసు మనిషిని పేరు పెట్టి పిలవడం గడి పిల్లలకు పుట్టుకతోనే వస్తుంది. బుచ్చి తన చేతులు రెండూ చూసుకుంది. గుడ్డ ఎడమ చేతికి ఉంది.

"నొప్పి గిటు జరిగింది, నీ బాంచెన్."

శకుంతల పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక, "నిజం చెప్పు," అంది.

బుచ్చి చెప్పేసింది. "నీకు అన్ని అచ్చినయ్ గద. ఇగ నా పిల్ల ఎందుకు నీకు? నేను పడ్డ గోస అది పడొద్దు తల్లీ. దాన్ని ఇడిచిపెట్టు."

శకుంతల ముఖంలో నవ్వు పోయింది. "నాయినకు ఎవలు చెప్తరు?" అని, తలొంచుకుని జడ అల్లుకుంది. ఆ మాట చెప్పే దమ్ము తనకు లేదని ఆమెకూ తెలుసు, బుచ్చికీ తెలిసిపోయింది.

అప్పగింతలైపోయాయి. కొత్త దంపతులు కారులో కూర్చున్నారు. వెనక ట్రాక్టర్ మీద మంచం, బీరువా, పరుపులు. ఆ పరుపుల మీద కొత్త లంగా కట్టుకుని రామి. జన్మలో ట్రాక్టరెక్కని పిల్ల, రాణిలా కూర్చుంది.

బుచ్చి ట్రాక్టర్ దగ్గరికి నడిచింది. "రామీ, దిగు."

"నేను దిగ!" అంది రామి.

సన్నాయి ఆగిపోయింది. "ఏందే బుచ్చీ?" అన్నాడు దొర.

"నీ బాంచెన్ దొరా," అంది నోరు. తర్వాతి మాట మాత్రం బుచ్చే అంది. "నా పిల్లను దిగమంటున్న. అది రాదు."

మొగుళ్లపల్లి వియ్యపురాలు బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో, మా కోడలికి తల ఎవలు దువ్వాలె?"

"నేనే దువ్వుకుంట, అత్తమ్మా," అంది కారులోంచి పెళ్లికూతురు. తల బయటికి పెట్టి మరీ అంది గనక అందరికీ వినపడింది. "నీళ్లు సుత నేనే పోసుకుంట." పెళ్లికొడుకు మధుకర్‌కు నవ్వొచ్చి దగ్గాడు.

"తల దువ్వుడు కాదు, ఇజ్జత్ ముచ్చట, పరువు పోతది!" దొర ముఖం కందగడ్డ అయింది. "సాయిలూ, దాన్ని గుంజు అవతలికి!"

గడి జీతగాడు సాయిలు, పిలుపు సగంలో ఉండగానే ఉరికొచ్చే మనిషి, ఆ రోజు ట్రాక్టర్ తాడు కడుతున్నాడు. "అస్తున్న దొరా, ముడి గట్టిగ లేదు," అన్నాడు. కట్టిన ముడినే మళ్లీ కట్టాడు. డప్పులవాళ్లకు డప్పుల మీద దుమ్ము కనబడింది. వెట్టి రద్దయిందన్న కబురు ఆ ఊరికి ఆలస్యంగా చేరింది గానీ, చేరడమైతే చేరింది. ఎవరూ కదల్లేదు.

బుచ్చి ట్రాక్టరెక్కి, కాళ్లు తన్నుకుంటున్న రామిని చంకనేసుకుని దిగింది. ఏనాడూ తొక్కనివ్వని సింహద్వారంలోంచే నడిచి బయటపడింది. వెనక్కి తిరిగి చూస్తే ఆగిపోతానని చూడలేదు.

రామి దారిపొడుగునా ట్రాక్టర్ కోసం రాగం తీసింది. పాలకుర్తి దాటాక కేసముద్రం మార్కెట్‌కు పోయే పత్తి లారీ ఆగింది. డ్రైవర్ ఉస్మాన్ ఇద్దరినీ ముందు ఎక్కించుకున్నాడు. లారీ ట్రాక్టర్ కంటే ఎత్తని తెలిసి రామి ఏడుపు ఆపింది.

"ఎవలింటోళ్లమ్మా మీరు?" అన్నాడు ఉస్మాన్. ఆ దారిన ఎవరు కనబడ్డా అడిగే మాటే.

ముప్పై ఏళ్లుగా ఆ ప్రశ్నకు బుచ్చి దగ్గర ఒకటే జవాబు, దొరింటోళ్లమని. అది నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"మా ఇంటోళ్లమే."

"ఏడుంది మీ ఇల్లు?"

బుచ్చి కూతురి ముఖం కొంగుతో తుడిచింది. "ఇంకా కట్టలే, అన్నా," అంది.