ఓనరమ్మ గుప్పిట్లో కాకరకాయ ముక్కలు

నా చిన్నప్పటి సంగతులు చెప్పేటప్పుడు చీమను ఏనుగంత చేస్తానని మా ఇంట్లోవాళ్ళ ఫిర్యాదు. నిజమే, చేస్తాను. కాబట్టి ఈ కంపు కథను సగానికి సగం తగ్గించుకుని చదవండి. తగ్గించినా ముక్కు మూసుకోక తప్పదు.

రాయదుర్గంలో మేం కిరాయికి ఉండేవాళ్ళం. అవతల రాళ్ళు పేల్చి అద్దాల మేడలు లేపుతున్న రోజులు. నాన్నకు బదిలీ అయి కాకినాడ వైపు నుంచి వచ్చాం. మాదొక వాటా, గోడకవతల ఓనరమ్మ వాటా. ఆమె ఒంటరిది. సాయంత్రాలు నన్ను పక్కన కూచోబెట్టుకుని వేడివేడి సర్వపిండి రొట్టె తుంచి పెట్టేది. రెండు వంటిళ్ళ సింకులకూ కింద గొట్టం ఒక్కటే.

నాకు కాకరకాయ ప్రాణసంకటం. అమ్మకేమో అది పరమౌషధం. చెయ్యి కడుక్కునే నెపంతో సింకు జాలీ ఎత్తి, ముక్కలన్నీ లోపలికి తోసేసేవాణ్ణి. వాటి మీద అమ్మ రోజూ గంజి వార్చేది. ఆ రెండూ కలిసి లోపల ఏ పాకాన పడ్డాయో గానీ, ఓ ఆదివారం పొద్దున సింకు నీళ్ళు దిగడం మానేసి పైకి రావడం మొదలుపెట్టాయి. నల్లగా, జిగురుగా, పైన ఆకుపచ్చటి మీగడతో. ఒక్కో బుడగ పగిలితే చచ్చిన పందికొక్కు మన మొహం మీద ఆవులించినట్టుండేది. ఆ దెబ్బకు గోడమీది బల్లి ఊడి కిందపడింది. క్యాలెండర్లో దేవుడు మొహం తిప్పుకున్నాడు.

“ఇదంతా ఆవిడ తలకాయ కూర జిడ్డేనండీ! ఇక్కడ మనం ఉండలేం, ఇల్లు మారిపోదాం” అని అమ్మ నాన్నతో గోడవతలకు వినిపించేలా అంది. నేను సింకు దగ్గర్నుంచి మెల్లగా జరిగి తలుపు వెనక్కి చేరాను.

ఓనరమ్మ కొంగు దోపుకుని రానే వచ్చింది. చేతిలో వంటసోడా, రాళ్ళుప్పు, నాలుగు నిమ్మకాయలు. “జర పక్కకు జరుగు తల్లీ. ఇల్లు తర్వాత ఖాళీ చేద్దురు గానీ, ముందుగాల ఈ మోరీ ఖాళీ కానియ్యి” అంది.

మురుగంతా చెంబుతో తోడి పారబోసింది. వంచిన తీగ లోపలికి దింపి లాగింది. కొండచిలువ పిల్లంత ముద్ద, చీమిడిలా సాగుతూ, ఆమె అరచేతిలోకి జారింది. ఆ జిగురులో పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నట్టు కాకరకాయ చక్రాలు! ఓనరమ్మ ముద్దను చూసింది, నన్ను చూసింది, గుప్పిట మూసేసింది.

“ఏంటండీ అది?” ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అమ్మ గుమ్మంలోంచే అడిగింది.

“ఏమున్నదమ్మా, మా కూర జిడ్డే. తప్పు నాదే. ఇగ ఫికర్ చేయకుండ్రి.”

తర్వాత సోడా, ఉప్పు గొట్టంలో పోసి, నిమ్మకాయలు పిండింది. బుస్సుమని నురగ పొంగింది. అది అణిగాక కాగిన నీళ్ళు మెల్లగా పోసింది. గొట్టం గుర్రుమని, పెద్ద తేన్పు తేన్చి, అంతా మింగేసింది.

“నే చెప్పలేదూ?” అని అమ్మ నాన్నవైపు చూసింది. అప్పుడు నేను వాళ్ళ మధ్యకు వెళ్ళి, “కాదమ్మా, అవి నా కాకరకాయలు” అని గట్టిగా అరిచాను. అమ్మ సిగ్గుపడి ఓనరమ్మ రెండు చేతులూ, ఆ కంపుతోనే, పట్టుకుంది.

ఇప్పుడు కోకాపేటలో ఇరవయ్యో అంతస్తులో ఉంటున్నా, నెలకోసారి సింకులో సోడా, నిమ్మరసం, వేడినీళ్ళు పోసే పని నాదే. ఇంట్లో ఎవరే పొరపాటు చేసినా ముందు “నాదే” అనేయడం కూడా నాకలవాటు. పిల్లలు దాన్ని మంచితనం అనుకుంటారు.

పైన చెప్పినవాటిలో కొలతలు పెంచానే తప్ప, పూర్తిగా కల్పించింది ఒక్కటే: నేను నిజం చెప్పడం. చెప్పలేదు. ఆ నెలాఖరుకే ఇల్లు మారాం. సామాను ఎక్కించాక ఓనరమ్మ గేటు దగ్గర నిలబడి, తప్పు తనదేనని అమ్మకు ఇంకోసారి చెప్పింది. నేను లారీలో డ్రైవరు పక్కన కూచుని, తల వంచుకుని విన్నాను.