అక్క వెళ్ళాక బాగుపడిన పొయ్యి

మా పొయ్యిని పాడుచేసింది మా అక్క కాదు, నేను. చెప్పాల్సిన రోజున ఈ మాట చెప్పలేదు.

నా భార్య పోయాక, అమలాపురంలో నాకు తోడుగా అక్క వచ్చి ఉంది. బావ అంతకు చాలా ముందే పోయారు. వంటిల్లంతా అక్కదే. గ్యాస్ పొయ్యి మంట మందగించిందని ఒక ఆదివారం నేనే విప్పడానికి కూర్చున్నాను.

"కంపెనీ వాళ్ళిచ్చిన పుస్తకం ఉంది, చూసి విప్పరా."

"చూసి చదవడానికి ఇవేమన్నా పెళ్ళి మంత్రాలా అక్కా?"

రెండు బర్నర్ల కిందా జెట్లు ఉంటాయి, గ్యాసు బయటికొచ్చే చిన్న ఇత్తడి బుడిపెలు. వాటిని ఊడదీసి, కడిగి, ఆరబెట్టి బిగించాను.

మర్నాటి నుంచి చిన్న బర్నరు మీద పసుపుపచ్చని మంట ఎగిసేది, గిన్నెలు మసిబారేవి. పెద్దదాని మీద అన్నం ఎంతకీ ఉడికేది కాదు. అక్క కొబ్బరిపీచుతో గిన్నెలు తోముతూనే ఉండేది. మంట తగ్గించడం తెలీదా అని రోజూ అనేవాణ్ణి. ఓసారి చుట్టాల ముందు, "మా అక్క కాఫీ పెడితే గిన్నె కూడా డికాషన్ రంగుకొస్తుందండీ," అన్నాను. వాళ్ళు నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఆ వారమే పి.గన్నవరంలో కూతురింటికి వెళ్ళిపోయింది.

అక్క లేకపోయినా గిన్నె మసిబారింది. కంపెనీ నంబరుకి ఫోన్ చేశాను.

"పొయ్యి ఎవరైనా విప్పేరా అండీ?" అని అడిగింది అక్కడి అమ్మాయి.

"లేదండీ."

"ఒక బర్నరు జెట్ ఇంకోదానికి పెడితే ఇలా అవుతుందండీ. పుస్తకంలో బొమ్మ ఉంటుంది, ఓసారి చూడండి."

పుస్తకం యాలకుల డబ్బా కింద, అక్క పెట్టిన ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. పెద్ద కన్నం ఉన్న జెట్ పెద్ద బర్నరుకి. నేను చిన్నదానికి బిగించాను. రెండూ మార్చగానే నీలం మంట వచ్చింది. చూపించడానికి ఇంట్లో ఎవరూ లేరు.

మర్నాడు అక్క ఫోన్ చేసింది.

"పొయ్యి ఎలా ఉందిరా?"

"బాగానే వెలుగుతోంది."

"ఎవరన్నా బాగుచేసేరా?"

"లేదు."

"అయితే నా చెయ్యే మంచిది కాదన్నమాట," అంది. నేను కాదనలేదు.

ఆ తర్వాత నా ఒక్కడికీ గ్లాసుడు బియ్యం పెట్టుకుని, ఆ నీలం మంట ముందు నిలబడే రోజులే గడిచాయి. మొన్న మేనకోడలు ఫోన్లో, "అమ్మ మా ఇంట్లో పొయ్యి ముట్టుకోదు మావయ్యా. కూరలు తరిగిచ్చేసి వెళ్ళిపోతుంది. వెలిగించమంటే, నా చేతికి మంట సరిగా రాదే, అంటుంది," అని చెప్పింది.

మర్నాడే బస్సెక్కాను. అక్క అరుగు మీద బెండకాయలు తరుగుతోంది. "భోంచేసేవా?" అంది నన్ను చూసి. పక్కన కూర్చున్నాను.

"జెట్లు తారుమారుగా బిగించింది నేనే అక్కా. నువ్వు వచ్చేసేక సరిచేసిందీ నేనే. ఫోన్లో అడిగితే దాచేను. నీ చేతిలో ఏ లోపమూ లేదు. తప్పంతా నాది, నన్ను క్షమించు."