ఎవరూ ముట్టని రెండు సీసాలు

స్ట్రాబెర్రీ పళ్ళు బండి మీద కనిపిస్తే నేను రోడ్డు దాటి అవతలికి పోతాను. పిల్లలు నవ్వుతారు. కారణం వాళ్ళకి ఎప్పుడూ చెప్పలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకి, డిగ్రీ అవగానే, తాడేపల్లిగూడెంలో అరటి మొక్కలు తయారుచేసే చిన్న టిష్యూ కల్చర్ ల్యాబ్‌లో చేరాను. మట్టి లేకుండా, పంచదారా లవణాలూ కలిపిన జెల్లీలో, గాజు సీసాల్లో మొక్కల్ని పెంచడం మా పని. మా సారుకి అరటితో తృప్తి లేదు. మన ఎండకి తట్టుకునే స్ట్రాబెర్రీని పుట్టించాలని ఆయన పిచ్చి. రెండు రకాల్ని కలిపి, గింజలు మొలిపిస్తే, మే నెల దాకా ఒక్క మొక్క బతికింది. అదీ వాడిపోతోంది. దాని తీగ కొసలు కోసి సీసాల్లోకి ఎక్కిస్తేనే ఆ రకం మిగులుతుంది.

ఆ పని ల్యాబ్‌లో మాతోపాటు చేసే, మేమంతా అక్క అని పిలిచే ఆవిడకిచ్చారు. ఏలూరు నుంచి పాసింజరులో వచ్చేది. భర్త దర్జీ. ఏళ్ళ తరబడి జాకెట్లకి చేతికుట్లు వేసిన వేళ్ళు ఆవిడవి. ఆవగింజలో సగముండే చిగురుని చెదరకుండా కోసేది. ఆవిడ సీసాల్లో బూజు పట్టగా నేను చూడలేదు. సైన్సు చదివిన మేమే "అక్క హస్తవాసి" అనేవాళ్ళం. ఆవిడ మురిసిపోయేది.

జెల్లీ వండడం నా వంతు. ఆ రోజు సీసాలు, ఆవిరి వేడితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో ఉడుకుతుండగా కరెంటు పోయింది. వచ్చాక మళ్ళీ మొదటి నుంచి టైము పెట్టాలి. నేను మిగిలిన నిమిషాలే పెట్టి దించేశాను. దించాక మూడు రోజులు ఆగి, శుభ్రంగా ఉన్నాయో లేదో చూసి వాడాలి. సారు తొందరపెడుతుంటే "మూడు రోజులైందండీ" అని అబద్ధమాడాను.

వారం తిరిగేసరికి అక్క చిగుళ్ళు పెట్టిన సీసాలన్నిట్లోనూ తెల్లటి బూజు. కుండీలో తల్లిమొక్క అప్పటికే మాడిపోయింది. సారు అరవలేదు. "ఏం చేతులమ్మా అవి?" అన్నారంతే. అక్క అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది. మర్నాటి నుంచి రాలేదు.

తర్వాత అల్మరా సర్దుతుంటే, వెనకాల ఆ వాయిలోవే రెండు సీసాలు దొరికాయి. మూత తియ్యలేదు, మొక్క పెట్టలేదు, అక్క వాటిని ముట్టనే లేదు. రెండింటి నిండా బూజే. తప్పు నా వంటది. పక్కగదిలో ఉన్న సారుకి చూపిస్తే నిమిషం పని. ఉద్యోగం పోతుందని హడలిపోయి, వాటిని కడిగి బోర్లించి, ఇంటికెళ్ళి శుభ్రంగా అన్నం తిన్నాను. అంత పిరికిదాన్ని.

ఆ తర్వాత పట్టపగలు, ఏసీ రొదలో, వెనక ఎవరో నిలబడి నా చేతుల కేసి చూస్తున్నట్టు ఉండేది. తిరిగి చూస్తే గది ఖాళీ. ఆ భయం ఇప్పటికీ వదల్లేదు.

రెండేళ్ళు పోయాక, ఒక వేసవిలో, చెప్పేద్దామనే ఏలూరు వెళ్ళాను. "ఏవమ్మా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?" అంటూ అక్క లోపలికి తీసుకెళ్ళింది. వరండాలో మామిడికాయ ముక్కలు, కారం, ఆవపిండి, నూనె అన్నీ సిద్ధంగా ఉన్నాయి. కలిపేవాళ్ళే లేరు.

"పక్కింటావిడ వస్తానందమ్మా, ఇంకా రాలేదు. నేను కలపడం మానేశాను. నా చెయ్యి పెడితే బూజు పట్టేస్తుంది."

"ఎప్పుడైనా పట్టిందా అక్కా?"

"పట్టేదాకా చూస్తామా? సారు మొక్కని చంపేశాను కదా, ఒక్కటే ఉందంట అలాంటిది. మనవడికి మొదటిసారి అన్నం కూడా వియ్యపురాలి చేతే పెట్టించాను."

"అక్కా, ఆ రోజు నేను..." అన్నాను.

"ఇప్పుడవన్నీ ఎందుకులే," అంటూ బేసిన్ నా ముందుకి జరిపింది. "నువ్వొచ్చావు కదా. మంచి చెయ్యి నీది. నువ్వు కలుపమ్మా."

మోచేతుల దాకా కడుక్కుని వచ్చి కూర్చున్నాను. ఆవిడ తన చేతులు రెండూ కొంగులో దాచుకుని, నేను కలిపినంతసేపూ నా చేతుల్నే చూస్తూ కూర్చుంది.