గంజి కుండలో తంగేడు మహిమ

ఎమ్మెస్సీ చదివే రోజుల్లో నాకు లోకంలో తెలియనిదంటూ లేదు. ఏదైనా తెలియలేదంటే అది తెలుసుకోదగ్గది కాదనుకునేదాన్ని. తెలంగాణ వచ్చి రెండు మూడేళ్లయింది, తంగేడు రాష్ట్ర పుష్పమైంది. ఇంకేం, తంగేడాకు కషాయంతో జింక్ ఆక్సైడ్ నానో కణాలు చేస్తానని ప్రాజెక్టు తీసుకున్నాను. ఘాటు రసాయనాల బదులు ఆకు రసంతోనే లోహపు ఉప్పును వెంట్రుక మందంలో వెయ్యో వంతు పొడిగా మార్చడమన్నమాట. ఆ పొడి అద్దిన బట్టలో చెమట వాసన పుట్టించే క్రిములు బతకవు. మగ్గం ఇంట్లో పుట్టినదాన్ని కదా, ఆ బట్ట సంగతి నాకు భలే నచ్చింది.

మా గైడును అందరం జల్లెడ సారు అనేవాళ్లం (ఏది చెప్పినా జల్లించి గానీ నమ్మరు). మొదటిసారి ఆకులు భువనగిరి దగ్గరి మా ఇంట్లోనే ఉడకబెట్టి, వడగట్టి, సీసాలో పోసుకుని నల్లగొండ బస్సెక్కాను. ల్యాబులో జింక్ నైట్రేట్ కలిపి, ముద్దయ్యేదాకా కాచి కొలిమిలో పెడితే, పొడి ముగ్గుపిండికన్నా మెత్తగా వచ్చింది. పరీక్షలో కణాలన్నీ విడివిడిగా కనిపించాయి. వెంటనే తంగేడు మహిమ మీద నాలుగు పేజీలు రాసేశాను. సారు అవి చదివి, తన కళ్లముందు ఇంకోసారి చేయమన్నారు. రాకపోతే ఈ ఏడు ప్రాజెక్టూ లేదు, పట్టా లేదు.

ఈసారి ల్యాబులోనే, తళతళలాడే గాజు బీకరులో ఆకులు ఉడకబెట్టి చేశాను. పొడి గడ్డలు కట్టింది. మళ్లీ చేశాను, మళ్లీ గడ్డలే. మూడోసారి బీకరును ఇంకా గట్టిగా తోమాను (తప్పంతా మురికిదే అనుకుని). గడ్డలు ఇంకా పెద్దవయ్యాయి. ఆ ఆదివారం ఇంటికెళ్లి అవ్వ (మా నాయనమ్మ) పక్కన కూర్చుని ఏడ్చేశాను. అవ్వ పోగులు సరిచేసుకుంటూ, మొదటిసారి దేంట్లో కాచావని అడిగింది. పొయ్యి పక్కనున్న కుండను చూపించాను. మగ్గం మీది పడుగుకు, అంటే నిలువు పోగులకు, పెట్టే గంజి కాచేది అందులోనే.

"గా కుండను నేను అడుగుదాక కడుగంగ ఎన్నడన్న చూసినవా బిడ్డా? గంజి లేకుంటె పోగుకు పోగు అంటుకుంటది. నీ పొడి గూడ గట్లనే అంటుకుంటాంది" అంది.

నా తంగేడు మహిమలో సగం గంజిదే! సోమవారం సారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగారు (నవ్వు దాచుకోవడానికని ఇప్పుడు అనిపిస్తుంది). "మరి గంజి కొలిచి పొయ్యమ్మా. కుండ మాత్రం తేకు" అన్నారు. కొలిచి పోశాను. పొడి మెత్తగా వచ్చింది, ఆ ఏడే పట్టా కూడా వచ్చింది.

ప్రాజెక్టు పుస్తకంలో కృతజ్ఞతల పేజీలో సారు పేరు, కొలిమి చూసుకునే అన్న పేరు, టిఫిన్ పంచిన స్నేహితురాలి పేరు రాశాను. చదువురాని అవ్వ ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, "ఇండ్ల నా పేరేడున్నది?" అంది. గతుక్కుమని, గంజికి బదులు ఇంగ్లిషులో రాసిన స్టార్చ్ అన్న మాట వెతికి "గిదే అవ్వా" అని చూపించాను. ఆ మాటను వేలితో తడిమి తడిమి మురిసిపోయింది.

ఇప్పుడు నేనే పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఎవరైనా ఆకు మహిమ అంటూ పొడి పట్టుకొస్తే, ముందు ఏ గిన్నెలో కాచావని అడుగుతాను. వాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఎమ్మెస్సీ రోజుల్లో అన్నీ తెలిసిన ఆ పిల్లకు అవ్వ పేరు రాయాలని మాత్రం తెలియలేదు.