మోరియోకాలో తలుపులు తెరిచే ఉన్నాయి

మా మరదలు హరుయోని తిట్టకుండా నాకు పొద్దు గడవదు. ఎంత తిట్టినా "క్షమించు వదినా" అంటుంది. దాంతో నాకు ఒళ్ళు ఇంకా మండుతుంది. నేను షియోగామా చేపల మార్కెట్లో పుట్టి పెరిగినదాన్ని. నోరు లేకపోతే అక్కడ చేప అమ్ముడుపోదు. హరుయో అకితా కొండల్లోంచి వచ్చిన పిల్ల. వాళ్ళ నాన్న దానికి ఉగ్గుపాలతో పట్టించింది ఒక్కటే మాట: ఎవర్నీ ఇబ్బంది పెట్టకు.

ఒకసారి పంటి డాక్టరు పుచ్చిన పన్ను వదిలేసి పక్క పన్ను పీకాడు. ఇది నోరు మూసుకుని ఇంటికొచ్చేసింది. "చెప్తే ఆయన చిన్నబుచ్చుకుంటాడు కదా వదినా" అంది. సునామీ వచ్చిన ఏడాది మమ్మల్నందర్నీ స్కూలు హాల్లో పడుకోబెట్టారు. దీనికి దగ్గు పట్టుకుంది. పక్కవాళ్ళ నిద్ర చెడుతుందని బయట మంచులోకి వెళ్ళి దగ్గి వచ్చేది. చివరికి న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో పడింది. అక్కడ మంచం ఆక్రమించినందుకు నర్సుకి క్షమాపణ చెప్పింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

దాని మొగుడు తకెజి నా సొంత తమ్ముడు. ఇళ్ళ కప్పులు వేసేవాడు. కప్పు మీద కూర్చుని, అల్లంత దూరాన వంతెన మీద దూసుకుపోయే షింకన్‌సెన్ బుల్లెట్ రైలుని చూస్తూ సగం జీవితం గడిపాడు గానీ, ఒక్కసారీ ఎక్కిన పాపాన పోలేదు. ఎప్పుడడిగినా "వాన లేకపోతే రేపు పనుందక్కా" అనేవాడు. డెబ్బై దాటి మోకాళ్ళు మొరాయించాక పని మానేశాడు. ఆ వసంతంలో నేను పోరగా పోరగా ఇద్దరికీ తొహోకు రైలు పాస్ తీసుకున్నాడు. అది చేతిలో ఉంటే మూడు రోజులు ఈ ఉత్తరాది జిల్లాల్లో ఏ బండైనా ఎక్కచ్చు, ఎక్కడ బుద్ధిపుడితే అక్కడ దిగచ్చు, మళ్ళీ ఎక్కచ్చు. ఇదంతా వాడికి పిల్లాడికి చెప్పినట్టు చెప్పాను.

"దిగడమెందుకే, ఎక్కిందే దిగకుండా చివరిదాకా పోవడానికి!" అని నవ్వాడు.

సెందాయ్‌లో నేనే బండెక్కించాను. ఇద్దరికీ ఆవు నాలుక కూర ఉన్న అన్నం డబ్బాలు కొనిచ్చాను. వాడు కిటికీకి ముక్కు ఆనించి నాకు చెయ్యి ఊపాడు. సిగ్గు లేదురా నీకు, ఈ వయసులో, అని ప్లాట్‌ఫాం మీంచి అరిచాను. వాడికి వినపడి ఉండదు.

ఆ తర్వాత జరిగింది హరుయో నోటంట ముక్కలు ముక్కలుగా విన్నదే.

సెందాయ్ వదిలాక బండి మోరియోకా దాకా ఆగదు. కాసేపటికి తకెజి అన్నం డబ్బా పక్కనపెట్టి, రొమ్ము నిమురుకున్నాడు. మొహం సున్నంలా పాలిపోయింది, చెమటలు పోశాయి.

"ఏమయిందండీ? ఎవర్నైనా పిలవనా?"

"గ్యాస్ అయుంటుంది. ఊరుకో."

"బటన్ నొక్కితే గార్డు వస్తాడు."

"పిచ్చిదానా, బండి ఆపేస్తారు. ఇంతమందికీ ఆలస్యం. మన మూలంగా ఎవరి పెళ్ళి చూపులు తప్పిపోతాయో ఏమో. వద్దు."

అంతలోనే గార్డు వచ్చాడు. పెట్టె చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి, టోపీ తీసి, అందరికీ వంగి దండం పెట్టాడు. హరుయో నవ్వు మొహంతో తిరిగి వంగి దండం పెట్టింది. అతను తలుపు వేసుకుని పోయాడు.

మోరియోకా వచ్చింది. అక్కడ జంటగా వచ్చిన బళ్ళని విడదీస్తారు కాబట్టి మిగతా చోట్లకంటే కాస్త ఎక్కువసేపే ఆగుతుంది. తలుపులు తెరిచే ఉన్నాయి. ఊళ్ళో పెద్దాసుపత్రి ఉంది. హరుయో లేచి నిలబడింది. ఎక్కేవాళ్ళు బరువు పెట్టెలతో నడవలోకి వస్తున్నారు. ఈ మనిషిని లేపి, వాళ్ళందర్నీ వెనక్కి జరగమని, దారి చేసుకుని దింపాలి. వాళ్ళకి అడ్డు తప్పుకుంది. కూర్చుంది. తలుపులు పడ్డాయి.

"పాస్ ఉంది కదే! దిగాలనుకున్నచోట దిగచ్చనేగా దాన్ని కొన్నది!" అని తర్వాత నేను గుండెలు బాదుకున్నాను.

"సీట్లు రిజర్వు చేసేసుకున్నాం కదా వదినా. ఖాళీగా పోతే ఇంకెవరో కూర్చోవలసిన చోటు వృథా అవుతుందని..."

ఏమనాలి ఇలాంటి మనిషిని!

మోరియోకా దాటాక అన్నీ సొరంగాలే. ఒక పెద్ద సొరంగంలో తకెజి తల దాని భుజం మీదకి వాలింది. నిద్రపోయాడనుకుంది కాసేపు. తర్వాత తెలిసింది. తెలిసీ తర్వాతి స్టేషను హచినోహెలో ఎవర్నీ పిలవలేదు. వాడి చొక్కా గుండీ పెట్టి, రుమాలుతో మొహం తుడిచి, అలా భుజం మీదే పెట్టుకుని షిన్-అవొమొరి దాకా కూర్చుంది. బండి అక్కడితో ఆఖరు. అందరూ దిగిపోయేదాకా ఆగి, అప్పుడు గార్డుని పిలిచి, "క్షమించండి, మావారు పోయారు" అంది.

కబురు అందగానే నేను వెనక బండిలో అక్కడి ఆసుపత్రికి పరిగెత్తాను. మోరియోకాలో దింపి ఉంటే బతికేవాడా అని డాక్టర్ని నిలదీశాను. చెప్పలేం గానీ అవకాశమైతే ఉండేదన్నాడు. ఆ మాట హరుయో పక్కనే నిలబడి వింది. డాక్టరుకి వంగి దండం పెట్టింది. నేను ఆసుపత్రి నడవలోనే దాన్ని చెడామడా తిట్టాను. చంపేశావే నా తమ్ముణ్ణి, అన్నాను. అంటే అన్నాను, కడుపు మంట అలాంటిది.

నలభై తొమ్మిదో రోజు కర్మ నాడు నల్ల కోటు వేసుకుని ఒక పెద్దమనిషి వచ్చాడు. పేపర్లో చావు కబురు చూసి అడ్రసు పట్టుకున్నాడట. ఆ రోజు నడవకి అవతలి సీట్లో కూర్చున్నది ఆయనే. అగరొత్తి వెలిగించి, చాప మీద తల ఆనించాడు.

"మీవారి మొహం చూశానండీ. అడుగుదామనే అనుకున్నాను. మీరు నవ్వుతున్నారు. అడిగితే మీకు ఇబ్బందేమోనని ఊరుకున్నాను."

"అయ్యో, మీ ప్రయాణం పాడుచేశాం. క్షమించండి" అంటూ మా హరుయో కూడా చాపకి తల ఆనించింది. ఇద్దరూ అలా ఒకరికొకరు దండాలు పెట్టుకుంటుంటే, నాకు టీ కప్పు గోడకేసి కొట్టాలనిపించింది. మండిపోయి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆయన వెళ్ళాక హరుయో వచ్చి నా వెనక నిలబడింది.

"వదినా, ఒకటి అడగనా?"

"అఘోరించు."

"సొరంగంలో ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. మాట రాలేదు. గట్టిగా నొక్కారు, ఆగి మళ్ళీ నొక్కారు. బటన్ దగ్గరికి పోవద్దంటున్నారనుకున్నాను. ఒకవేళ... పిలవమన్నారేమో వదినా?"

ఇన్నేళ్ళలో అది నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"వద్దనే అన్నాడే" అన్నాను. "వాడు నా తమ్ముడు. నాకు తెలియదూ? వద్దనే అన్నాడు."

అది నేలమీద కూలబడి, నా వంటింటి ఏప్రన్ అంచు పట్టుకుని, మొదటిసారి పక్కింటికి వినపడేలా ఏడ్చింది.

చిన్నప్పుడు నాన్న పడవలో అల పైకి లేచినప్పుడల్లా తకెజి నా చెయ్యి అలాగే నొక్కేవాడు, ఆగి మళ్ళీ. భయమేస్తోంది, నాన్నని పిలువు అని. ఆ సంగతి మాత్రం హరుయోకి చెప్పలేదు.