పది రోజులు ఆగమన్న ఓబులయ్య

మర్రిపాడు మెట్టల్లో గొల్ల ఓబులయ్యకు ఎనభై గొర్రెలు, రెండు కాపలా కుక్కలు ఉండేవి. ధాత నామ సంవత్సరంలో వచ్చిన పెద్ద కరువుకు రెండేళ్ల ముందు మాట. ఒకనాడు పెద్దకుక్క కూడు ముట్టకుండా నోరు తెరుచుకుని కూర్చుంది. ఎముక అడ్డం పడిందేమోనని అతని భార్య శీనమ్మ దాని నోట్లో చెయ్యి పెట్టింది. వేలికి పన్ను గీసుకుంది. నాలుగో రోజుకు కుక్క చచ్చిపోయింది. నెలన్నర గడిచాక శీనమ్మకు నీళ్లు చూస్తేనే గొంతు పట్టేయసాగింది. ఓబులయ్య ఆమెను బండి కట్టుకుని ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. మూడో రోజు అక్కడే ప్రాణం పోయింది.

"అది పిచ్చిదని తెలీలేదు సామీ," అన్నాడు ఓబులయ్య, ఆసుపత్రి డ్రెస్సరు అంకారావుతో. "మొరగలా, ఎవర్నీ తరమలా. బిడ్డ మాదిరి ఒళ్లో తల పెట్టి పడుకున్నింది."

అంకారావు వయసులో చిన్నవాడే. కట్లు కట్టడం, మందు కలపడం అతని పని. "నాకు మాత్రం ఏం తెలుసు ఓబులయ్యా? కరిచిన కుక్కను అక్కడికక్కడే కొట్టి చంపేస్తారు. దానికి జబ్బు ఉండాదా లేదా అని చూసిందెవరు? చంపకుండా కట్టేసి, రోజూ చూసి రాసుకుంటే కదా తెలిసేది!"

అందుకు డబ్బు కావాలని అంకారావు పైవాళ్లకు రాశాడు. ఆరు నెలలకు జవాబు వచ్చింది. కుక్కలను చంపినవాళ్లకు ఇనాము ఇస్తారట, కట్టేసి మేపడానికి మాత్రం పైసా లేదట. సంతకు వచ్చిన ఓబులయ్యకు అతను ఆ కాగితం చదివి వినిపించాడు.

"ఏమేం గావాలి సామీ?"

"రాళ్ల దొడ్డి, ఇనప గొలుసులు, తిండి. ప్రాణానికి తెగించి చూసుకునే మనిషి."

"మనిషిని నేనుండాను. గొర్రెలుండాయి, అమ్ముతాను."

అదే సంతలో ముప్పై గొర్రెలు అమ్మేశాడు. తక్కినవాటిని తమ్ముడికి అప్పగించాడు. అది చాలదని ఉదయగిరి కొండ కింది మందలన్నీ తిరిగి అడిగాడు. "కుక్కలకు ఆసుపత్రా? పెళ్లాం పోయినాక నీకు మతి చెడింది రా," అని నవ్వారు. పిచ్చికుక్క కాటుకు అన్నను పోగొట్టుకున్న చెంచయ్య ఒక్కడు మాత్రం రెండు పొట్టేళ్లు తోలి ఇచ్చాడు.

ఆత్మకూరు బయట బీడులో దొడ్డి లేచింది. ఎక్కడ కుక్క కరిచిందన్నా ఓబులయ్య పరుగెత్తేవాడు, దెబ్బల మధ్యలో దూరి ఉచ్చు వేసి పట్టుకొచ్చేవాడు. ఏడాదిలో పదకొండు కుక్కలు వచ్చాయి. ఏడింటికి నెల దాటినా ఏమీ కాలేదు. అవి కరిచినవాళ్లు కూడా బాగానే ఉన్నారు. నాలుగు మాత్రం పిచ్చెత్తి చచ్చాయి. ఒక్కటి కూడా ఏడో రోజు దాటలేదు.

"పది రోజులు చూస్తే చాలనిపిస్తా ఉండాది," అన్నాడు అంకారావు. అతని కళ్లు మెరిశాయి. "కానీ పదకొండు లెక్కలోకి రావు. వంద చూడాల. అప్పుడు మద్రాసులోని పైవాళ్లు కాదనలేరు."

అంతలో వానలు ఎగ్గొట్టాయి. చెరువులు బీటలు వారాయి. తమ్ముడి దగ్గరున్న గొర్రెలు వరసగా పడిపోయాయి. ఉదయగిరి వైపు నుంచి జనం కూలికోసం, గంజికోసం ఆత్మకూరు దారి పట్టారు. కొందరు దారిలోనే ఆగిపోయారు. అప్పటికి దొడ్డిలో కొత్తగా పట్టుకొచ్చిన నాలుగు కుక్కలున్నాయి.

ఒక పొద్దున ఓబులయ్య జొన్న నూకల గంజి పోస్తుంటే, గోడ అవతల నుంచి ఒక ఆడమనిషి చూస్తోంది. చంకలో బిడ్డ మెడ వాల్చేసింది.

"కుక్కలకు పోస్తా ఉండావా నాయనా?" అంది. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు.

అతను కుండ ఆమె చేతికిచ్చాడు. మర్నాడు ఇరవై మంది వచ్చారు.

"నా వల్ల కాదు సామీ. ఆ కళ్లముందర కుక్కలకు పొయ్యలేను," అన్నాడు ఓబులయ్య.

అంకారావు కుక్కల లెక్కలు రాసే పుస్తకం మూసేశాడు. "వదిలేస్తే కరుస్తాయి. ఆకలికి చస్తే జబ్బుతో చచ్చినాయో లేదో తెలీదు. చంపెయ్యి."

కర్ర ఎత్తింది ఓబులయ్యే. మూడు చచ్చాయి. నాలుగోది ఎనిమిదో రోజుది, ఇంకో రెండు రోజులు ఆగితే గండం గడిచినట్టే. అది తోక ఊపుతూ ఎదురొచ్చింది. దాని మీదా కర్ర పడింది.

నెల తిరక్కుండా అంకారావును కరువు శిబిరానికి పంపారు. అక్కడ వాంతిభేదికి రెండు రోజుల్లో పోయాడు. అంటుజబ్బని అతని బట్టలనూ పెట్టెనూ కాల్చేశారు. కుక్కల లెక్కలు రాసిన పుస్తకం ఆ పెట్టెలోనే ఉంది. ఓబులయ్య వెళ్లేసరికి బూడిద కూడా గాలికి పోయింది.

బహుధాన్య సంవత్సరంలో వానలు పడ్డాయి. గొర్రెలు లేని ఓబులయ్య చేజర్ల దగ్గర చెరువుకట్ట పనికి కుదిరాడు. అక్కడ చంటిబిడ్డ ఉన్న తిరుపాలమ్మ అనే ఆమెను కుక్క కరిచింది. జనం కర్రలతో లేచారు. ఓబులయ్య అడ్డం పడ్డాడు.

"చంపొద్దు! కట్టేసి పది రోజులు ఆగండి. దానికేం కాకపోతే ఈ యమ్మకూ ఏం కాదు!"

"యాడ రాసుండాదిరా ఆ మాట?" అన్నాడు తిరుపాలమ్మ మామ.

రాసిన పుస్తకం కాలిపోయిందని ఓబులయ్య చెబుతూనే ఉన్నాడు. కుక్కను చంపేశారు. తిరుపాలమ్మను దూరంగా పాకలో ఉంచారు. పాలలో విషం దిగుతుందని బిడ్డను రొమ్ము నుంచి తప్పించి, జావ నీళ్లు పట్టారు.

పాలు కట్టి ఆమె ఏడుస్తుంటే, బిడ్డ ఏడుపు ఇంట్లోంచి వినిపించేది. ఓబులయ్య రోజూ వెళ్లి మామ కాళ్ల దగ్గర కూర్చునేవాడు. "తల్లికి బిడ్డనియ్యండయ్యా. కరిచిన కుక్కలన్నీ పిచ్చివి కావు, కళ్లారా చూసినాను." రెండుసార్లు తరిమారు. మూడోసారి కొట్టారు.

పద్దెనిమిదో రోజున ఇంట్లో ఏడుపు ఆగిపోయింది. బిడ్డను గుడ్డలో చుట్టి పూడ్చిపెట్టారు.

తిరుపాలమ్మకు ఏ జబ్బూ రాలేదు. నాలుగు నెలలకు ఆమెను ఇంట్లోకి రానిచ్చారు. ఆ సంగతి ఓబులయ్యకు కట్ట మీద ఎవరో చెప్పారు. అతను తట్ట దించి, మట్టిలోనే కూలబడ్డాడు. మేస్త్రీ కేకలేసినా సాయంత్రం దాకా లేవలేదు.